ఎండాకాలం ఆఫీసు షూ కొనేముందు లోపల చెయ్యి పెట్టి చూడండి

ఎండలు ముదరగానే పల్చటి చొక్కాలు బయటికి తీస్తాం, కోటు కుర్చీకి తగిలిస్తాం, టై ముడి కాస్త వదులు చేసుకుంటాం. కాళ్లకు మాత్రం ఏ వెసులుబాటూ ఉండదు. చలికాలంలో తొడిగిన అదే బరువైన నల్ల షూ, అదే మందపాటి సాక్స్, పొద్దున లోపల పెట్టిన పాదం మళ్లీ సాయంత్రం ఇంటికొచ్చాకే గాలి చూస్తుంది. నేనూ చాలా ఏళ్లు ఇలాగే నెట్టుకొచ్చాను, ఫార్మల్ ఆఫీసు అన్నాక తప్పదులే అనుకుంటూ.

ఒకరోజు మధ్యాహ్నం మీటింగ్‌లో కాళ్లు మండిపోతుంటే, టేబుల్ కింద ఎవరు చూడొచ్చార్లే అని షూ సగం విప్పి మడమ బయటపెట్టి కూర్చున్నాను. ఐదు నిమిషాలు కాకుండానే పక్కనున్నాయన కుర్చీ మెల్లగా అటు జరుపుకున్నాడు. ఏమీ అనలేదు, అననందుకే ఇంకా సిగ్గేసింది. ఆ రాత్రి ఇంట్లో ఆ షూని లైటు కింద పెట్టి లోపల చూశాను. బయటంతా నిగనిగలాడే తోలు, లోపలంతా రెగ్జిన్. లెదర్ షూ అని మంచి డబ్బు పోసి కొన్నదాంట్లో నా కాలికి తగిలే చోట తోలన్నదే లేదు! పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

అప్పట్నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. షూ ఆఫీసుకు తగినట్టు ఉందా అన్నది బయట చూసి తేల్చుకుంటాను, ఎండకు పనికొస్తుందా అన్నది లోపల చూసి తేల్చుకుంటాను. మనలో చాలామంది ఈ రెండింటినీ కలిపేసి, హాయిగా ఉండాలంటే శాండల్స్ వేసుకోవాలి, శాండల్స్ ఆఫీసులో ఒప్పుకోరు, కాబట్టి నాలుగు నెలలు భరించాల్సిందే అని సరిపెట్టుకుంటారు. అంత త్యాగం అక్కర్లేదు.

కాలు అంతలా ఎందుకు తడుస్తుంది

మన రెండు పాదాల్లో కలిపి దాదాపు 2,50,000 చెమట గ్రంథులు ఉంటాయి. ఒంట్లో చెమట గ్రంథులు బాగా దట్టంగా ఉండే చోట్లు అరచేతులు, అరికాళ్లు. చెయ్యికి పట్టిన చెమట గాలికి ఆరిపోతుంది, కాలిది ఆరదు, అంతే తేడా. నిజానికి చెమటకు సొంతంగా పెద్ద వాసనేమీ ఉండదు. చర్మం మీదుండే బ్యాక్టీరియా ఆ చెమటలోని పదార్థాల్ని విడగొట్టేటప్పుడు ఐసోవలెరిక్ ఆమ్లం లాంటివి పుడతాయి, మనం ముక్కు మూసుకునేది వాటికి. ఆ బ్యాక్టీరియా పెరగడానికి తడి, వెచ్చదనం ఉంటే చాలు, మూసిన షూ రెండింటినీ పొద్దస్తమానం సరఫరా చేస్తుంది.

కాబట్టి చెమట పట్టకుండా చేసే షూ కోసం వెతక్కండి, అలాంటిది లేదు. పట్టిన చెమట ఆవిరై బయటికి పోయే దారి ఉన్న షూ కావాలి. తోలుకు ఆ గుణం ఉంది, తేమను పీల్చుకుని మెల్లగా వదులుతుంది. ప్లాస్టిక్ పూతకు లేదు.

ఇంకో సంగతి, వేడికి కాళ్లు వాస్తాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, గంటలకొద్దీ కూర్చున్నా నిలబడినా ఒంట్లోని ద్రవం కిందికి దిగుతుంది. పొద్దున సరిపోయిన షూ మూడింటికి బిగుసుకుపోవడం ఇందుకే. సైజు తప్పు కొన్నానేమో అని మీరు అనుకుంటారు. కాకపోవచ్చు, కొన్న టైము తప్పయి ఉండొచ్చు.

షాపులో ఏం చూడాలి

మొదట చెయ్యి లోపల పెట్టండి. షాపువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి, రోజుకు పది గంటలు అందులో ఉండేది మీ కాలు. వేళ్లను ముందుదాకా పోనిచ్చి పక్కల్ని, పైభాగాన్ని తడిమి చూడండి. తోలు లైనింగ్ అయితే కొంచెం పొడిపొడిగా, వేలికి పట్టు దొరికినట్టు ఉంటుంది, కాసేపు అరచెయ్యి ఆనిస్తే చేతి వేడికి వెచ్చబడుతుంది. రెగ్జిన్ అయితే నున్నగా జారుతుంది, కాసేపటికే చెయ్యి జిగటగా అనిపిస్తుంది. చాలా కంపెనీలు మడమ దగ్గర, అంటే బయటికి కనిపించే చోట మాత్రం తోలు వేసి, వేళ్ల దగ్గర బట్టో రెగ్జినో వేస్తాయి. బట్ట అయితే పర్లేదు, పల్చటి నూలు బట్ట లైనింగ్ ఎండాకాలానికి మంచిదే.

తర్వాత అడుగున ఉండే ఇన్సోల్. మీ బరువంతా మోసేది, చెమటంతా తాగేది అదే. పైకి లేచే రకమైతే లేపి కింద ఏముందో చూడండి. మెత్తగా ఉండాలని మందపాటి ఫోమ్ వేసి పైన ప్లాస్టిక్ అతికించినవి షాపులో రెండు నిమిషాలు నడిస్తే మబ్బుల మీద నడిచినట్టుంటాయి, మూడో వారానికి కాలి ముద్ర నల్లగా పడి వాసన మొదలవుతుంది. నా అనుభవంలో ఎండాకాలానికి ఇవే అన్నిటికన్నా దండగ.

చాలా షూలకు లోపలో, అడుగునో చిన్న బొమ్మల లేబుల్ ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. 1994లో యూరప్‌లో వచ్చిన నిబంధన అది. పైభాగం, లైనింగ్‌తో కలిపి ఇన్సోల్, అడుగు, ఈ మూడింటికీ విడివిడిగా ఏ పదార్థం వాడారో బొమ్మతో చెప్పాలి. పరిచిన పశువు చర్మం ఆకారం ఉంటే తోలు, అదే ఆకారం మధ్యలో చిన్న డైమండ్ ఉంటే పైన పూత వేసిన తోలు, అల్లిక గుర్తు ఉంటే బట్ట, ఉత్త డైమండ్ ఉంటే వేరే ఏదైనా, మన షూల విషయంలో సాధారణంగా సింథటిక్. అందులో కనీసం 80 శాతం ఏ పదార్థముంటే దాని గుర్తు వేస్తారు. కాబట్టి పైభాగానికి తోలు గుర్తు చూసి సంతోషపడిపోకుండా రెండో గుర్తు, అంటే లైనింగ్‌ది చూడండి. అసలు బండారం అక్కడ బయటపడుతుంది.

పైభాగం తోలులోనూ తేడాలుంటాయి. "జెన్యూన్ లెదర్" అన్న ముద్ర చూసి మురిసిపోకండి, అది తోలేనని చెబుతుందే తప్ప ఎలాంటి తోలో చెప్పదు. ఫుల్ గ్రెయిన్ అంటే చర్మం పై పొరను అరగదియ్యకుండా ఉంచింది, దగ్గర్నుంచి చూస్తే సన్నటి రంధ్రాలు, అక్కడక్కడా చిన్న గీతలు కనిపిస్తాయి. గీతలున్నాయని వద్దనకండి, అదే మంచిది. పై పొర అరగదీసి, రంగూ పూతా మందంగా వేసి, అద్దంలా ఒకే తీరుగా మెరిసేలా చేసినదాన్ని కరెక్టెడ్ గ్రెయిన్ అంటారు. బొటనవేలితో నొక్కండి, సన్నటి ముడతలు పడితే మంచి తోలు, గట్టి కాగితం మడతలా ఒకటే గీత పడితే పూత ఎక్కువైనట్టు. ఇక తళతళలాడే పేటెంట్ లెదర్ సాయంత్రం ఫంక్షన్‌కు రెండు గంటలు బాగుంటుంది, ఎండాకాలం ఆఫీసుకు రోజూ వేస్తే కాలు ఉడికిపోతుంది.

స్వెడ్, అంటే నూగు తేల్చిన తోలు, దాని గురించి ఒక మాట. ముతకగా, నూగుతో ఉంటుంది కాబట్టి వేడి అనుకుంటారు గానీ, దాని మీద ప్లాస్టిక్ పూత ఉండదు, అందుకే గాలి బాగానే ఆడుతుంది. ముదురు గోధుమ రంగు స్వెడ్ లోఫర్స్, అంటే లేసుల్లేకుండా తొడుక్కునే షూ, చాలా ఆఫీసుల్లో చెల్లుతాయి. సూటు తప్పనిసరి అనే చోట మాత్రం వద్దు. వాన చుక్క పడితే మరకలు, అది మాత్రం నిజం.

ఇక చిల్లుల డిజైన్ ఉండే బ్రోగ్స్. చిల్లులున్నాయి కాబట్టి గాలాడుతుందని షాపులో చెబుతారు. చాలావాటిలో ఆ చిల్లులు పై పొరకే ఉంటాయి, కింద లైనింగ్ నిండుగా ఉంటుంది. లోపల చెయ్యి పెట్టి బయట్నుంచి టార్చ్ వెయ్యండి, మీ వేలి మీద వెలుతురు చుక్కలు పడితేనే అవి నిజమైన చిల్లులు. లేకపోతే ముగ్గు చుక్కల్లాంటివే, చూడ్డానికి తప్ప గాలికి కాదు.

ఏ మోడల్

లేసుల షూ తప్పదంటే డెర్బీ తీసుకోండి. లేసులు కట్టే రెండు పట్టీలూ షూ ముందు భాగం కిందికి పోయి కుట్టేసి ఉంటే అది ఆక్స్‌ఫర్డ్, పైన విడిగా రెక్కల్లా తెరుచుకుంటే డెర్బీ. ఆక్స్‌ఫర్డ్ ఒక మెట్టు ఎక్కువ ఫార్మల్, కానీ మధ్యాహ్నం కాలు వాస్తే దాన్ని వదులు చేసుకోవడానికి పెద్దగా చోటుండదు. డెర్బీలో లేసు ఒక్కసారి సడలిస్తే కాలు ఊపిరి తీసుకుంటుంది. బకిల్ ఉండే మాంక్ షూలోనూ ఇదే సుఖం, ఒక రంధ్రం వెనక్కి పెట్టుకుంటే సరిపోతుంది.

నా ఓటు మాత్రం లోఫర్స్‌కే. 1936లో అమెరికాలో బాస్ కంపెనీ పెన్నీ లోఫర్లు తెచ్చినప్పుడు అవి తీరిక వేళ వేసుకునే షూలు, ఇప్పుడు సూటు మీదకీ నడుస్తున్నాయి. చీలమండ కింద కోత లోతుగా ఉంటుంది, పైన తెరుచుకుని ఉంటుంది, అడుగేసినప్పుడల్లా కాస్త గాలి లోపలికీ బయటికీ ఆడుతుంది. లైనింగ్ లేకుండా ఒకే పొర తోలుతో కుట్టినవి దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి, అవి సీజన్ చివరికి కాస్త సాగుతాయి గానీ ఎండలో వాటికి సాటి లేదు. ముందు భాగం సన్నగా, అడుగు పల్చగా ఉన్నవి ఫార్మల్‌గా కనిపిస్తాయి. అడుగు లావుగా, కుట్టు ముతకగా ఉంటే వారాంతం షూలా ఉంటుంది.

అడుగు ఎలా బిగించారో కూడా అడగండి. షూ అంచు చుట్టూ ఒక పట్టీ కుట్టి, ఆ పట్టీకి అడుగును కుట్టే పద్ధతి గుడ్‌ఇయర్ వెల్ట్, మన్నికకు పెట్టింది పేరు, కానీ మధ్యలో కార్క్ నింపుతారు, పట్టీ మీద పట్టీ వస్తుంది, బరువు. బ్లేక్ కుట్టులో ఇన్సోల్‌నీ అడుగునూ ఒకే దారంతో కలిపి కుడతారు, అందుకే పల్చగా, తేలిగ్గా, బాగా వంగుతుంది. ఎండాకాలానికి అదే నయం, కాకపోతే నీళ్లలో అడుగుపెడితే కుట్టులోంచి తడి పైకొస్తుంది. జిగురుతో అతికించినవాటిని ఎండలో ఆపిన కారులో వదిలెయ్యకండి, వేడికి జిగురు మెత్తబడి ముందు భాగం నోరు తెరుస్తుంది. తోలు అడుగు నున్నటి ఆఫీసు నేల మీద జారుతుంది. చెప్పులు కుట్టే అతని దగ్గర పల్చటి రబ్బరు షీటు వేయించుకుంటే ఆ టెన్షన్ పోతుంది.

రంగు విషయంలో పెద్ద చర్చ వద్దు. నలుపు ఎండలో ఎక్కువ వేడెక్కుతుంది, నిజమే, కానీ మీరు రోజంతా ఏసీలో కూర్చునేవాళ్లయితే దానితో వచ్చే తేడా ఎంతో ఉండదు. ముదురు గోధుమ రంగు ఇటూ అటూ పనికొస్తుంది.

ఆడవాళ్లకు

వీళ్లకు మోడళ్లు ఎక్కువ, బాధలూ ఎక్కువే. మా టీములో ఒకావిడ ఏడాదంతా పంప్స్‌తో, అంటే వేళ్లూ మడమా మూసి పాదం పైన తెరిచి ఉండే హీల్స్‌తో తిరుగుతుంది, నాకు తెలిసినవి చాలావరకు ఆవిడ దగ్గర నేర్చుకున్నవే. సాక్స్ లేకుండా వేసుకునే షూ కాబట్టి లోపల సింథటిక్ ఉంటే పాదం చెమటకు ముందుకు జారుతుంది, బరువంతా వేళ్ల మీద పడి కొనల్లో ఇరుక్కుంటాయి. ఇన్సోల్ తోలుదో స్వెడ్‌దో ఉంటే అంత జారదు. ఇది హీల్ ఎత్తు కన్నా ముందు చూడాల్సింది అంటుంది ఆవిడ, నాకూ నిజమే అనిపిస్తుంది.

ముందు మూసి, వెనక పట్టీ మాత్రం ఉండే స్లింగ్‌బ్యాక్ ఎండాకాలం ఆఫీసుకు బాగా కుదురుతుంది. ఎదుటివాళ్లకు ముందు నుంచి మామూలు పంప్‌లానే కనిపిస్తుంది, మడమకు మాత్రం గాలే గాలి. పట్టీకి ఎలాస్టిక్ మాత్రమే ఉన్నది కొనకండి, నెలలో సాగి నడుస్తుంటే జారిపోతుంది, బకిల్ ఉన్నది తీసుకోండి. పక్కలు కోసి ఉండే డోర్సే రకం కూడా అంతే, వేళ్లూ మడమా మూసే ఉంటాయి, పాదం మధ్య భాగానికి గాలి తగులుతుంది. వేళ్ల దగ్గర చిన్న సందు ఉండే పీప్ టో కొన్ని ఆఫీసుల్లో ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల కనుబొమలు లేస్తాయి. వెనక అసలేమీ లేని మ్యూల్స్ మాత్రం నున్నటి నేల మీద టకటకమని చప్పుడు చేసి మీరొస్తున్నారని మూడు గదుల అవతలికి చెబుతాయి. హీల్ కావాలంటే సన్నటిది కాకుండా వెడల్పాటి బ్లాక్ హీల్, మూడు నాలుగు సెంటీమీటర్లు చాలు, వాచిన కాలితో పొడుగు హీల్ మీద నిలబడటం నరకం.

బ్యాలే ఫ్లాట్స్ చూడ్డానికి తేలిగ్గా ఉంటాయి, చౌక రకాలు చాలావరకు లోపలంతా ప్లాస్టిక్. ఇక్కడ కూడా అదే పరీక్ష, చెయ్యి పెట్టి చూడటమే.

లోఫర్స్ సాక్స్ లేకుండా వేసుకోవచ్చా

వద్దు. ఒక వేసవిలో ఫ్యాషన్ అని లోఫర్స్‌ని సాక్స్ లేకుండా వేసుకెళ్లాను, పదకొండు గంటలకల్లా నడుస్తుంటే లోపల పచ్ పచ్ మని చప్పుడు, మెట్లెక్కుతుంటే వెనకాలే వస్తున్న కొత్త ట్రైనీకి కూడా వినిపించింది. పైగా మడమ మీద బొబ్బ. కాళ్లు ఖాళీగా కనిపించాలంటే నో షో సాక్స్ ఉంటాయి, షూ అంచు కింద దాక్కుంటాయి. మడమ లోపల సిలికాన్ పట్టీ ఉన్నవే కొనండి, లేకపోతే పదడుగులకోసారి జారి పాదం కింద ముద్దయి చెప్పులో రాయిలా సతాయిస్తాయి. సూటు వేసుకునే ఆఫీసు అయితే మాత్రం కూర్చున్నప్పుడు పిక్క కనిపించకూడదు, పొడవాటి పల్చటి సాక్సే వేసుకోవాలి.

పూర్తి కాటన్ మంచిదని అందరూ అంటారు. కాటన్ చెమట పీలుస్తుంది, కానీ పీల్చినదాన్ని పట్టుకుని కూర్చుంటుంది, అంత త్వరగా ఆరదు. పల్చగా అల్లిన మెరినో ఉన్ని సాక్స్ ఒకసారి వేసి చూడండి. ఎండాకాలం ఉన్నేంటి, మతి పోయిందా అంటారు, నేనూ మొదట అలాగే నవ్వాను. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమను లోపలికి తీసుకుని కూడా చర్మానికి తడిగా తగలదు, వాసన కూడా త్వరగా పట్టదు. అంత ఖర్చు వద్దనుకుంటే పల్చటి కాటన్ సాక్సే తీసుకోండి, బ్యాగులో ఇంకో జత పెట్టుకుని భోజనాల టైములో మార్చెయ్యండి. ఇంతకన్నా తేలికైన చిట్కా ఇంకోటి లేదు.

కొలత ఎప్పుడు

సాయంత్రం వెళ్లండి, కాస్త నడిచి వెళ్లండి, ఆఫీసుకు వేసుకునే సాక్సే తొడుక్కుని వెళ్లండి. రెండు కాళ్లూ ఒకే సైజులో ఉండాలని లేదు, పెద్ద కాలికి సరిపోయింది తీసుకోవాలి. నిలబడ్డప్పుడు పొడవాటి వేలి ముందు బొటనవేలి గోరంత ఖాళీ ఉండాలి. వెడల్పు మర్చిపోకండి, చిటికెనవేలు నొక్కుకుపోతే పై సైజుకు వెళ్లడం కన్నా అదే సైజులో వెడల్పు రకం అడగడం మంచిది, ఎందుకంటే పెద్ద సైజులో మడమ జారుతుంది. తోలు వాడేకొద్దీ వెడల్పులో కాస్త సాగుతుంది, పొడవులో సాగదు. "వాడగా వాడగా సరిపోతుంది సార్" అని వేళ్లు ముందుకు తగులుతున్న షూ అమ్మబోతే వచ్చిన దారిన వచ్చెయ్యండి.

ఆఫీసు రూల్స్

మీ కంపెనీ డ్రెస్ కోడ్ కాగితం ఒకసారి నిజంగా చదవండి, మనం అనుకునేదాని కన్నా అందులో తరచూ సందు ఎక్కువే ఉంటుంది. అందులో లేనిది మీ పైవాళ్ల కాళ్లను చూస్తే తెలుస్తుంది. వాళ్లు లోఫర్స్‌లో ఉంటే మీరూ లోఫర్స్‌లో ఉండొచ్చు. కొత్తగా చేరితే మొదటి రెండు వారాలు మూసిన షూతోనే గడపండి. ల్యాబ్, గోడౌన్, మెషీన్లున్న చోటికి వెళ్లే పని ఉంటే వేళ్లు కనిపించే రకాలు అసలు వద్దు, అక్కడ లెక్క హుందాతనం కాదు, దెబ్బలు.

నేను చేసే పని ఇంకోటుంది. దారిలో గాలాడే మామూలు శాండల్స్‌లో వస్తాను, లోఫర్స్ డెస్కు కింద గుడ్డ సంచిలో ఉంటాయి, వచ్చాక కాలు తుడుచుకుని, సాక్స్ తొడిగి వేసుకుంటాను. దారిలో ఎండా దుమ్మూ షూకీ తగలవు, కాళ్లూ చల్లగా ఉంటాయి.

రెండు జతలు తప్పనిసరి

ఒక్క మంచి జత కొని రోజూ వేసే బదులు రెండు జతలు మార్చి మార్చి వెయ్యండి. ఒకరోజు తాగిన చెమట ఆరడానికి షూకి కనీసం 24 గంటలు కావాలి. విప్పగానే బీరువాలో పెట్టకుండా గాలి తగిలే చోట నీడలో ఉంచండి, నేరుగా ఎండలో పెడితే తోలు పగులుతుంది. లోపల దేవదారు చెక్క షూ ట్రీ, అంటే పాదం ఆకారంలో ఉండే అచ్చు, పెడితే తేమ లాగుతుంది, ఆకారమూ చెడదు. లేకపోతే నలిపిన పాత న్యూస్‌పేపరు కుక్కినా పని జరుగుతుంది.

ఇంత చేసినా చెమట ఆగకపోతే, రాత్రి పడుకునే ముందు పొడి పాదాలకు అల్యూమినియం క్లోరైడ్ ఉన్న యాంటీపర్‌స్పిరెంట్ రాసుకోవచ్చు, చంకలకు వాడే రకమే. వేళ్ల సందుల్లో దురద, తెల్లగా నాని పొట్టు లేవడం ఉంటే అది ఫంగస్ అయి ఉండొచ్చు, షూ మార్చి లాభం లేదు, డాక్టరుకు చూపించండి. షుగర్ ఉన్నవాళ్లు కొత్త షూ వేసుకున్న మొదటి రోజుల్లో రాత్రిపూట పాదాలు తప్పకుండా చూసుకోవాలి, స్పర్శ తగ్గి ఉంటే బొబ్బ లేచినా తెలియదు.

కొన్నాక తిన్నగా ఆఫీసుకు వేసుకెళ్లిపోకండి. సెలవు రోజు మిట్టమధ్యాహ్నం ఫ్యాన్ ఆపేసి, ఇంట్లోనే శుభ్రమైన నేల మీద రెండు గంటలు తిరగండి, మధ్యమధ్యలో కూర్చోండి. తర్వాత విప్పి సాక్స్ పట్టుకుని చూడండి. కొంచెం చెమ్మ సహజం. పిండితే నీళ్లొచ్చేలా ఉన్నా, మడమ మీద ఎర్రటి గీత పడినా, షూ మళ్లీ డబ్బాలో పెట్టి బిల్లుతో సహా తిరిగిచ్చెయ్యండి.